గట్టు మీద నవ్వు

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చానందట వెనకటికొకావిడ. నన్ను అత్తగారు కొట్టలేదు, చెరువు కొట్టింది. నవ్వింది మాత్రం తోడికోడలే.

అది నిరుటి సంగతి. మా ఊరి బయట చెరువు దగ్గర ఏటా ఒక పోటీ పెడతారు. స్ప్రింట్ ట్రయథ్లాన్ అంటారు. ముప్పావు కిలోమీటరు ఈదాలి, ఒడ్డుకొచ్చి ఇరవై కిలోమీటర్లు సైకిలు తొక్కాలి, అది దిగి ఐదు కిలోమీటర్లు పరిగెత్తాలి. మధ్యలో కూర్చోవడాలు, కబుర్లు ఉండవు. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. ఫ్రేముకి తగ్గట్టు అద్దాలు అరగదీసి బిగించడం నా పని. ఆ పోటీ పోస్టరు మా షాపు తలుపుకే అతికించారు. రోజూ షట్టరెత్తగానే అదే ఎదురయ్యేది. చదివి చదివి, నలభై దాటాక నాకు బుద్ధి పుట్టింది. మా ఆయన ఒక్క మాట కూడా అనకుండా ఎవరిదో పాత రేసు సైకిలు వెతికి తెచ్చారు. అత్తగారు మాత్రం ఊరుకోలేదు.

"సంసారం ఈదుతున్నది చాల్లేదటమ్మా, చెరువు కూడా కావలసొచ్చిందా?" అన్నారు.

ఆవిడ నోటి చలవో ఏమో, నిరుడు సగం దూరం ఈదేసరికి నాకు ఊపిరి అందలేదు. నీళ్ళలో గుర్తుకోసం కట్టిన పసుపు బుడగని పట్టుకుని వేలాడాను. ఈతకి ఇచ్చిన గడువు దాటిపోయింది. కాపలా పడవలో ఎక్కించుకుని ఒడ్డుకి తెచ్చారు. ఊరివాళ్ళంతా చూస్తుండగా, తువ్వాలు కప్పుకుని, ముక్కులోంచి నీళ్ళు కార్చుకుంటూ, తడిసిన కోడిపెట్టలా వస్తున్నాను. అప్పుడు గట్టు మీంచి ఆ నవ్వు వినిపించింది.

మా తోడికోడలి నవ్వు గురించి కొంచెం చెప్పాలి. తను బస్టాండులో మైకు దగ్గర ఉద్యోగం చేస్తుంది. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఆలస్యమో ఊరికంతటికీ చెబుతుంది. మాటకైతే మైకు కావాలి గానీ నవ్వుకి అక్కర్లేదు. స్టీలు గిన్నెల బుట్ట మెట్ల మీంచి దొర్లినట్టుంటుంది. ముందు ఒక గిన్నె, తర్వాత అన్నీ. వాళ్ళు మేడ మీద, మేం కింద ఉంటాం కాబట్టి ఆ నవ్వు ఏళ్ళ తరబడి నా నెత్తి మీదే మోగుతోంది. ఎప్పుడూ నాకు కష్టం అనిపించలేదు. ఆ రోజు మాత్రం భరించలేకపోయాను.

నేను పోట్లాడలేదు. పోట్లాడితే ఆ పూటతో తేలిపోయేది. పొడిమాటల్లోకి దిగాను. తను "అక్కా" అంటూ టీ పట్టుకొస్తే "అక్కడ పెట్టు" అనేదాన్ని. బట్టలు మడతపెట్టి తెస్తే "అక్కడ పెట్టు." ఏడాది పొడుగునా అదే. మరిది ఒకసారి రాజీ చెయ్యబోయి నా మొహం చూసి గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు.

ఆ ఏడాదంతా ఈత నేర్చుకున్నాను. మొదటిరోజు మాస్టారు ఈతకొలను గట్టున నిలబడి చాలాసేపు చూసి, "నువ్వు ఈదట్లేదమ్మా, బట్టలుతుకుతున్నావు" అన్నాడు. ఉతికి ఉతికే నేర్చుకున్నాను. ఊపిరి ఎప్పుడు వదలాలో, ఎప్పుడు తీసుకోవాలో ఒంటికి తెలిసింది. ఇక మిగిలింది చూపు. నా కళ్ళ పవరు మైనస్ ఆరు. జోడు తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో తలుపో చెప్పలేను. అందుకని ఈత కళ్ళజోడుకి నా పవరు అద్దాలు నేనే అరగదీసి బిగించుకున్నాను. ఊరందరికీ చూపు అమ్మేదాన్ని, నాకో జత చేసుకోలేనా?

ఈ ఏడు నాకు కావలసింది ఒక్కటే. గెలుపు కాదు, గెలిచే ముఖమా నాది? పడవ ఎక్కకుండా, గడువులోపల, నా కాళ్ళ మీద నేను ఒడ్డెక్కాలి. తోడికోడలు చూస్తుండగా ఎక్కాలి.

పొద్దున్నే అందరినీ నిలబెట్టి రిఫరీ నియమాలు చదివాడు. నిలువునా ఇస్త్రీ చేసినట్టుండే మనిషి. బయటివాళ్ళ సాయం ఏ రకంగానూ తీసుకోకూడదు, తీసుకుంటే పోటీలోంచి తీసేస్తాం అన్నాడు. ఈదడం అయ్యాక ఒడ్డున నారింజరంగు కమాను కనిపిస్తుంది, దాని కిందుగా బయటికి రావాలి అన్నాడు. కళ్ళజోడుని హెల్మెట్‌లో పెట్టి, సైకిలు దగ్గర ఉంచి, ఈత కళ్ళజోడు తగిలించుకుని నీళ్ళలోకి దిగాను.

మొదటి బుడగ చుట్టూ హాయిగా తిరిగాను. నిరుడు వేలాడింది దీన్నే అని దాన్నొకసారి కోపంగా చూశాను కూడా. రెండో బుడగ దగ్గర పదిమందీ ఒకేసారి మలుపు తిరిగారు. ఎవరి మడమో వచ్చి నా కణతకి తగిలింది. తల పైకెత్తేసరికి ఈత కళ్ళజోడు లేదు. తడిమాను. చెరువు దాన్ని మింగేసింది.

ఇక లోకమంతా పాలు కలిపిన నీళ్ళే. గట్టు ఉందో లేదో తెలీదు. తోటివాళ్ళు ముందుకెళ్ళిపోయారు. అప్పుడే దూరంగా నారింజరంగు మచ్చ ఒకటి కనిపించింది. హమ్మయ్య, కమాను అనుకుని దానివైపు ఈదాను. ఈదుతున్నాను, ఈదుతున్నాను, అది దగ్గరికి రాదు. పైగా కాస్త కుడికి జరిగింది. కమాను జరగడమేమిటి అన్న ఆలోచన కూడా నాకు రాలేదు, భయం అలాంటిది. నేనూ కుడికి తిరిగాను.

అది నారింజరంగు లైఫ్ జాకెట్టు వేసుకున్న కాపలాదారని తర్వాత తెలిసింది. నిండైన విగ్రహం. నేను ఎదురొస్తున్నానని, పాపం దారి ఇద్దామని పడవ పక్కకి తీస్తున్నాడు. ఆయన దారి ఇచ్చిన కొద్దీ నేను వెంటపడుతున్నాను.

ఒడ్డున లౌడ్‌స్పీకర్ల మోత. జనం అరుస్తున్నారు గానీ ఎవరి అరుపు ఎటునుంచో తెలియడం లేదు. ఆ రొదలోంచి ముందు ఒక గిన్నె పడింది. తర్వాత బుట్ట మొత్తం దొర్లింది.

నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ నవ్వుతోంది! నేనిక్కడ చస్తూ బతుకుతూ ఉంటే గట్టున నిలబడి పళ్ళికిలిస్తోంది. నీ సంగతి ఒడ్డెక్కాక చెబుతా అనుకుని, నారింజని వదిలేసి, నవ్వు వినిపించిన వైపుకి తిరిగాను. ఊపిరికి తల తిప్పినప్పుడల్లా వింటున్నాను. ఎడమచెవిలో ఎక్కువైతే ఎడమకి, కుడిచెవిలో ఎక్కువైతే కుడికి. అది ఆగితే నా పని అయిపోయేదే. ఆగలేదు మహాతల్లి. చేతికి బురద తగిలింది. లేచి నిలబడ్డాను. తల మీద ఏదో పెద్ద నారింజరంగు నీడ, నవ్వు దాని పక్కనుంచే. ఎవరో పక్కనుంచి, గడువులోపలే వచ్చావు, పరిగెత్తు పరిగెత్తు అంటున్నారు.

సైకిలు వెతుక్కునే శ్రమ తప్పింది, స్టాండులో అదీ ఇంకోటీ మాత్రమే మిగిలాయి. కళ్ళజోడు పెట్టుకోగానే చెట్లకి ఆకులొచ్చాయి. తొక్కినంతసేపూ కోపంగానే ఉండాలని చూశాను గానీ, ఎండ ఇంకా ఎక్కలేదు, రోడ్డు నున్నగా ఉంది, ఒంటి మీద తడి ఆరుతోంది. ముందున్న ఇద్దరిని దాటేసరికి నవ్వొచ్చేసింది. పరుగులో మొద్దుబారిన కాళ్ళని ఈడ్చాను. గీత దాటేసరికి నా వెనక ఇంకా ముగ్గురున్నారు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ ముగ్గురూ వచ్చేదాకా నిలబడి చప్పట్లు కొట్టాను.

తోడికోడలు మరిది వెనక దాక్కుని ఉంది. నవ్వి నవ్వి కళ్ళు ఎర్రబడ్డాయి. మా ఆయన నీళ్ళసీసా నా చేతికిచ్చి అవతలకి వెళ్ళిపోయారు.

"అక్కా, నవ్వాలని నవ్వలేదు," అంది. "నాకు భయమేస్తే ఏడుపు రాదు, నవ్వొస్తుంది. బ్రేకు జారి ఖాళీ బస్సు వెనక్కి పోతుంటే మైకులో పకపకా నవ్వానని నాకు మెమో ఇచ్చారు, తెలుసా? నిరుడు నువ్వు పడవలో వస్తుంటే నీకేమైందో అని..."

"మరి ఏడాదిపాటు నోట్లో ఏం పెట్టుకున్నావు? అప్పుడే చెప్పచ్చుగా."

"ఎప్పుడు చెప్పను? నోరు తెరిస్తే 'అక్కడ పెట్టు' అనేదానివి."

చెమట బట్టలతోనే దాన్ని గట్టిగా పట్టుకున్నాను. భయం తీరిపోయినట్టుంది, వెక్కి వెక్కి ఏడ్చింది.

అంతలో నాకు నియమం గుర్తొచ్చింది. దొంగ పతకం నాకొద్దు. దాని చెయ్యి పట్టుకుని రిఫరీ దగ్గరికి లాక్కెళ్ళి జరిగింది చెప్పాను. ఈవిడ నవ్వు పట్టుకునే ఒడ్డెక్కానండీ, ఇది బయటి సాయం కిందికి వస్తుందా అని అడిగాను. ఆయన నియమాల పుస్తకం తీసి, నిజంగానే రెండు పేజీలు తిప్పాడు.

"మీరిద్దరూ ఏమవుతారు?"

"తోడికోడళ్ళం."

"అయితే బయటివాళ్ళు కాదు కదమ్మా," అని పుస్తకం మూసేశాడు.

ఇంటికొచ్చాక అత్తగారు పతకాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఎన్నో బహుమతి అని అడిగారు. పూర్తి చేసిన అందరికీ ఇస్తారు అత్తయ్యా అన్నాను. అందరికీ ఇచ్చేదాని కోసం ఇంత రభసా అని విసుక్కుంటూనే, దాన్ని తీసుకెళ్ళి టీవీ పక్కన, వచ్చినవాళ్ళ కళ్ళపడే చోట ఆనించారు.

తోడికోడలు టీ తెచ్చింది. ఇక్కడ కూర్చో అన్నాను. కూర్చుని, కప్పులోకి చూస్తూ, వచ్చే ఏడు నేనూ పేరిస్తాను అక్కా, ఇద్దరం కలిసి ఈదుదాం అంది.

"నోరు మూసుకో," అన్నాను. "నువ్వూ నీళ్ళలోకి దిగితే గట్టు మీద నవ్వేదెవరు?"