పోశమ్మ పోసిన చక్కెర నీళ్ళు

ఇలా నా పక్కకు జరుగు తల్లీ, చెవి ఇటు పెట్టు, పోశమ్మ సంగతి చెబుతాను.

సూరత్‌లో కరోనా రెండో ఏడు. మగ్గాలు ఆగిపోయి, కొడుకు అంబదాస్ సంసారమంతా సొంతూరు సిరిసిల్లకు సర్దేశాడు. ఆ సాయంత్రమే రైలు. అయినా పోశమ్మ పొద్దున్నే కాలేజీ ల్యాబులో, మోచేతుల దాకా సబ్బుతో గాజు సీసాలు తోముతోంది. పొట్టి మనిషి, ముక్కు కిందికి జారిన మాస్కు, బిగించిన కొంగు.

కిటికీ పక్క సీసాలో ఈస్టు ఉంది. రొట్టెపిండిని పొంగించే కంటికానని జీవాలు. పరిశోధన చేసే కోమలి, ఊరి పక్క హజీరా ఫ్యాక్టరీలో పనిచేసే తెలుగు ఇంజినీరు కూతురు, వాటిని రాత్రంతా పస్తు పెట్టింది. తిండి లేకపోతే అవి పిల్లల్ని పెట్టవు, అన్నీ ఒకేచోట ఆగిపోతాయి. అప్పుడు చక్కెర పోస్తే అన్నీ కలిసి కదులుతాయి, ఏ పనికి ఏ జీన్ ఎప్పుడు మేల్కొంటుందో తెలుస్తుంది. లాక్‌డౌన్లలో ఈ ప్రయోగం ముందే రెండుసార్లు చెడింది. మళ్ళీ చెడితే కోమలి చదువు ఇంకో ఏడు సాగాల్సిందే.

పోశమ్మ ఆ సీసా వంక చూసింది. చూసి ఊరుకోలేకపోయింది. గల్లీలో ఆకలన్నవాళ్ళకల్లా ఖిచిడీ వడ్డించిన చెయ్యి మరి! పక్కనే సిద్ధంగా ఉన్న చక్కెర నీళ్ళు మొత్తం గుమ్మరించేసింది.

అప్పుడే కోమలి లోపలికొచ్చింది.

"అవ్వా! ఏం పోశావు?"

"చక్కెర నీళ్ళు బిడ్డా. రాత్రి సంది ఉపాసమున్నయంటివి. జరంత దయ లేదా నీకు?"

"మధ్యాహ్నం పొయ్యాల్సింది! సాయం చేసేవాళ్ళు అప్పుడే వస్తారు. ఎంతసేపయింది?"

"గిప్పుడే. చెయ్యి గూడ ఆరలే."

కోమలి తల పట్టుకుంది. మరుక్షణమే నవ్వేసింది.

"అయితే అవి ఇప్పుడే బయల్దేరాయి. నువ్వే నాకు తోడు. ఐసు పట్రా!"

"ఆలస్యమైతే అంబదాస్ తిడ్తడు."

"నేను చెబుతాలే."

ఇక చూడాలి వాళ్ళ ఉరుకులు! కోమలి కాస్త కాస్త తీస్తూ గొట్టాల్లో పోస్తుంటే, అవి ఉన్నచోటే ఆగేలా పోశమ్మ వాటిని మంచులో గుచ్చుతోంది. నడుమ కోమలి ఆమెకు మైక్రోస్కోపులో చూపించింది. గుండ్రటి ఒంటికి చిన్న మొగ్గ.

"ముందు మొగ్గ తొడిగించే జీన్లూ, లోపలి రాతకు, అదే డీఎన్ఏకు, నకలు తీసేవీ లేస్తాయి అవ్వా. తల్లినీ పిల్లనీ విడదీసేవి ఆఖర్న. పనైపోగానే పడుకుంటాయి."

"గంతేనా? మగ్గం మీద పడుగు పెట్టకుండ పేక ఎవడేస్తడు? అయినా పడుకునుడు మంచిగున్నది, మనకే లేదు."

ఆ రోజు ఈస్టు జీవాలన్నీ ఒక్క అడుగున నడిచాయి, ప్రయోగం ఈసారి చెడలేదు. కోమలి ఆనందం పట్టలేక బల్ల చుట్టూ గంతులేసింది. అంతలో బయట అంబదాస్ ఆటో హారన్ మోగింది.

"పోతున్న బిడ్డా. నువ్వు గూడ యాల్లకు తిను."

కోమలి గేటు దాకా వెళ్ళి, ఆటో మలుపు తిరిగేదాకా చెయ్యూపి వచ్చింది. బల్ల మీద సీసాలన్నీ తళతళలాడుతున్నాయి.

మరిచిపోకు తల్లీ, రేపు నీ పిల్లలకూ చెప్పు. పనయ్యాక కోమలి పారబోసి కడగమన్న ఈస్టు సీసా ఒక్కదాన్ని మాత్రం పోశమ్మ కడగలేదు, అది కిటికీలోనే ఉంది, మూతి దాకా నురగ పొంగుతూ.