ఈశాన్యంలో కన్నాలు

పెళ్లి సెలవు అయ్యాక ఆఫీసుకు వచ్చిన ఆ ఉదయం పూజితకు అన్నీ ముద్దొచ్చాయి. మెట్ల పక్కన ఎండ కాగుతున్న కుక్క, గుమ్మంలో చెప్పుల గుంపు, పెద్ద ప్రింట్లు తీసే ప్లాటర్‌లో కొత్తగా వేసిన కాగితం చుట్ట వాసన కూడా. అందరికీ మాడుగుల హల్వా పంచి, కొత్త మట్టెలు కనిపించీ కనిపించకుండా కాళ్లు బల్ల కిందికి చాచి, కంప్యూటర్ తెరిచింది. తెర మీద తన ఫోల్డర్ పేరు ఎదురొచ్చింది: మళ్ళ పూజిత. పుట్టింటి పేరు. అది చెరిపి, తలుపు చాటున ఎవరినో పిలిచినట్టు మెల్లగా, 'బొడ్డేడ పూజిత' అని కొట్టింది. ఇంకా ఎవరూ ఫైళ్లు తెరవలేదు కాబట్టి కంప్యూటర్ అడ్డు చెప్పలేదు.

మారేడ్‌పల్లిలోని సదాశివగారి డ్రాయింగ్ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఏ భవనానికైనా గోడలూ, తలుపులూ, పైపుల కన్నాలూ ఉన్న ప్లాను ఒక్కటే ఉంటుంది. దాన్ని బేస్ అంటారు. కరెంటు గీసేవాళ్లూ స్లాబు గీసేవాళ్లూ దాన్ని నకలు చేసుకోరు. తమ షీటు అడుగున ఎక్స్‌రెఫ్‌గా పెట్టుకుని, పల్చటి కాగితంలోంచి కింది బొమ్మను చూసుకున్నట్టు చూసుకుంటూ గీస్తారు. బేస్‌లో గోడ జరిగితే అందరి షీట్లలోనూ జరుగుతుంది. అయితే షీటు దగ్గర ఉండేది ఆ ఫైలు చిరునామా ఒక్కటే. అందులో ఒక్క అక్షరం మారినా ఇక దానికి దారి తెలీదు. అల్వాల్‌లో కడుతున్న అపార్టుమెంటు బేస్ పూజిత ఫోల్డర్‌లోనే ఉంది. ఈ సంగతులన్నీ కొత్తగా చేరినవాళ్లకు నేర్పేది పూజితే. ఆ పూట ఆమెకే గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నం భర్త లోవరాజు వచ్చాడు. బేగంపేటలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఉద్యోగం అతనిది, సాయంత్రం షిఫ్టు. ఇద్దరూ ప్యాట్నీ దగ్గర దోసె తిని, ఒకే గ్లాసు సపోటా జ్యూసు రెండు స్ట్రాలతో తాగారు. ఆ గోలలో సంచిలో మోగిన ఫోను ఆమెకు వినిపించలేదు.

ఫోను చేసింది డోరా. పక్క కుర్చీ స్నేహితురాలు, స్లాబు షీట్లు గీసేది ఆమే. షీటు తెరిస్తే గోడల్లేవు. నల్లటి తెర మీద ఇనప చువ్వల గీతలు, మధ్యలో ఫైలు దొరకలేదని ఒక వరస అక్షరాలు. అల్వాల్‌లో ఆ మధ్యాహ్నమే స్లాబు పోస్తున్నారు. ప్రింటు కోసం సైటు మనిషి వచ్చి కూర్చున్నాడు. నెట్‌వర్కు మొరాయించిందనుకుని డోరా తన కంప్యూటర్‌లోనే వెతికితే బేస్ పాత కాపీ ఒకటి కనబడింది. దాని చిరునామా ఇవ్వగానే గోడలు నిలబడ్డాయి. మున్సిపల్ ఆఫీసుకు బయల్దేరుతున్న సదాశివగారు నిలబడే సంతకం పెట్టేశారు. సైటు మనిషి ప్రింటు పట్టుకుని వెళ్లిపోయాడు.

పూజిత తిరిగొచ్చాక డోరా జరిగింది చెప్పి, మొగుడొస్తే ఫోను చెవుల పడదా అని దెప్పింది. పూజిత సిగ్గుపడుతూనే బల్ల మీదున్న రెండో ప్రతి వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

టాయిలెట్ కన్నాలు ఈశాన్యం మూలనున్నాయి. అపార్టుమెంటులో వాటాకు స్థలం ఇచ్చిన కామేశ్వరమ్మగారు, ఈశాన్యంలో టాయిలెట్టయితే తన వాటా తనకొద్దని చెప్పి వెళ్తే, సెలవుకు ముందు సాయంత్రం కూర్చుని వాటిని వాయవ్యానికి జరిపింది పూజితే. పాత కాపీకి ఆ సంగతి తెలీదు. ఇప్పుడు కాంక్రీటు పడితే, ఆవిడ దేవుడి గది అనుకున్నచోట పైపులు దిగుతాయి. మళ్లీ సరిచెయ్యాలంటే స్లాబు పగలగొట్టాలి.

"ఫోల్డర్ పేరు నేనే మార్చాను డోరా," అంది పూజిత.

డోరా సంచి అందుకుంది. "స్కూటీ తాళాలు తీస్తున్న. నువ్వు ప్రింటు తియ్యి."

పూజిత పాత పేరు మళ్లీ కొట్టింది. షీటు అడుగున అసలు బేస్ వచ్చి కూర్చుంది. ప్లాటర్ ఎప్పటిలాగే తీరిగ్గా అటూ ఇటూ నడిచింది. సైటు మేస్త్రీ తిరుమల్ ఫోను మోగుతోందే గాని ఎత్తడం లేదు. తిరుమలగిరి, లాల్‌బజార్, లోతుకుంట మీదుగా స్కూటీ వెళ్తుంటే, చుట్టిన కాగితాన్ని పూజిత పసిపిల్లలా గుండెలకు పట్టుకుంది. డోరా దారంతా ఏమీ అనలేదు. తిట్టినా బాగుండునని పూజితకు అనిపించింది.

కాంక్రీటు కలిపే మిల్లర్ హోరులో నైరుతి నుంచి కాంక్రీటు పోసుకొస్తున్నారు. ఈశాన్యంలో కన్నాల కోసం చెక్క పెట్టెలు బిగించి ఉన్నాయి. కాంక్రీటు ఇంకా ఆ మూలకూ, వాయవ్యానికీ రాలేదు. తిరుమల్ కొత్త కాగితం విప్పి, కింది మూల వెతికాడు.

"దీని మీద సంతకమేదమ్మా? ఇందాకటి దాని మీద సార్ సంతకమున్నది. నడిమిట్ల పని ఆపితే అతుకు పడ్తది, వానకు కారుతది. నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి."

అతనన్నదీ నిజమే. పూజిత సదాశివగారికి ఫోను చేసింది. నెట్‌వర్కు తప్పని చెప్పినా ఆయన నమ్ముతారు. డోరా పక్కనే ఉంది. పూజిత ఇంటిపేరు మార్చిన సంగతి దగ్గర్నుంచి అంతా చెప్పింది.



"ఇంటిపేరు రేషన్ కార్డుల మారుస్తరు, బ్యాంకుల మారుస్తరు. ఫోల్డర్ల మార్చినోళ్లను ఇప్పుడే చూస్తున్న," అన్నారు సదాశివగారు. "చూడకుండ సంతకం పెట్టినోణ్ని నేను సుత ఉన్న గద. తిరుమల్‌కియ్యి ఫోను."

తిరుమల్ విని, తలూపి, ఫోను తిరిగిచ్చాడు. పోత ఆపలేదు. తట్టలు మోసేవాళ్లను ఆగ్నేయం వైపు మళ్లించి, వడ్రంగిని కేకేశాడు. ఈశాన్యంలో పెట్టెలు ఊడొచ్చాయి. పూజిత చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, చువ్వల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ వాయవ్యంలో టేపు ఒక కొస పట్టుకుంది. రెండో కొస డోరా పట్టుకుంది. వడ్రంగి సుద్దతో గుర్తులు పెట్టి, పెట్టెలు బిగించాడు. కాంక్రీటు వాటి చుట్టూ జారి, అంచుల దాకా వచ్చి ఆగింది. అవి కదల్లేదు.

"టేపు సరిగ్గనే పట్టినవ్," అంది డోరా, వచ్చాక మొదటిసారి. "రేపట్నుంచి బేస్ ఉండే ఫోల్డర్‌కు ఎవరి పేరూ పెట్టొద్దు. మీ ఆయనకు కోపమొచ్చినా సరే."

సైటులో ఉన్నానని పూజిత ఫోను చేసింది. వాళ్ల ఇల్లు అదే దారిలో కాబట్టి, షిఫ్టుకు వెళ్తూ లోవరాజు అక్కడ ఆగాడు. మోకాళ్ల దాకా సిమెంటు చుక్కలతో నిలబడ్డ భార్యను చూసి, ఏటిది అన్నాడు. ఆమె అతన్ని రోడ్డు మీదికి లాక్కెళ్లి, పచ్చి స్లాబు వైపు వేలు చూపించి, ఆ మూల కన్నాలు తనవేనని చెప్పింది.

లోవరాజు మునివేళ్ల మీద లేచి చూశాడు. "ఏటీ కనిపించట్లేదే."

"ఇక్కణ్నుంచి కనిపించవు. కింద సెంట్రింగ్ చెక్కలు విప్పీసాక కనిపిస్తాయి. కింద నిలబడి చూస్తే ఆకాశం కూడా."

"ఎప్పుడు విప్పుతారేటి?"

తెలీదంది. ఆ రోజు ఇద్దరూ కలిసి వచ్చి చూడాలంటూ లోవరాజు వెంటనే లోపలికెళ్లి తిరుమల్‌ను అడిగాడు.