ఆసులు ఓడిన మధ్యాహ్నం

ఆ డిపోలో డ్రైవర్ల అసలు పేర్లు జీతాల రోజున తప్ప ఇంకెప్పుడూ పనికిరావు. స్టాపు ఇంకా కనుచూపు మేరలో ఉండగానే బ్రేకు మీద కాలు పెట్టే మనిషి గనక ఒకతన్ని బ్రేకయ్య అన్నారు. మలుపు దగ్గర ముందు హారను కొట్టి, ఆ తర్వాత తీరిగ్గా రోడ్డు చూసే కుర్రవాడికి హారను అనే పేరు స్థిరపడింది. బ్రేకయ్యకు ఆ కుర్రవాడంటే ఒళ్ళుమంట. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఒక్క హారనుకు తప్ప డిపో అంతటికీ తెలుసు.

ఒళ్ళు మండటానికి కారణాలు కావాలా? బోలెడు. సిగ్నళ్ళు హారను బస్సును చూడగానే పచ్చబడతాయి, బ్రేకయ్య బస్సును చూస్తే మొహం ఎర్రజేసుకుంటాయి. డొక్కు బస్సు ఎప్పుడు ఇచ్చినా అది హారను చేతిలో బుద్ధిగా నడుస్తుంది, మర్నాడు బ్రేకయ్య ఎక్కగానే నడిరోడ్డు మీద చతికిలబడుతుంది. అన్నిటికీ మించి పేకాట. అక్కడ మాత్రం బ్రేకయ్య కడుపుమంటకు మందు లేదు.

ఆ పేకాట కాలక్షేపానికి ఆడేది కాదు. ఏడాదికోసారి లైన్లు, అంటే ఎవరు ఏ రూటులో ఏ వేళ బస్సు నడపాలో, పంచుకోవాలి. ఒకప్పుడు కంట్రోలరే పంచేవాడు. ఎవరికి ఏ లైను ఇచ్చినా మిగిలినవాళ్ళు ఆయన మీద అంతెత్తున లేచేవాళ్ళు. చివరికి ఆయన, "మీరూ మీరూ తేల్చుకు చావండి, నా ప్రాణం తియ్యకండి" అని చేతులు దులుపుకున్నాడు. వీళ్ళు పోకరు ఆడి తేల్చుకోవడం మొదలుపెట్టారు. పైసా పందెం ఉండదు. షెడ్డులోంచి తెచ్చిన ఇనుప వాషర్లు అందరికీ సమానంగా పంచుతారు. వాషర్లు అయిపోయినవాడు బల్ల దగ్గర్నుంచి లేవాలి. చివరిదాకా మిగిలినవాడు గోడ మీద కొక్కేలకు వేలాడే, లైన్ల పేర్లు రాసిన రేకుల్లో తనకు కావలసినది ముందుగా తీసి తన పేరు కింద తగిలించుకుంటాడు. ఇద్దరికీ ఇష్టమైతే మర్నాడు మొదటి బస్సు కదిలేలోపు రేకులు మార్చుకోవచ్చు. ఆ తర్వాత ఏడాదంతా అదే బతుకు.

బ్రేకయ్యకు కావలసింది పొద్దుటి లైను. అది ఒక్కటే ఉంది. భార్య బేకరీలో పనిచేస్తుంది. తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. సరిగ్గా అప్పుడే ఇతను డ్యూటీకి బయల్దేరతాడు. గుమ్మంలో ఆవిడ చేతికి తాళంచెవి ఇచ్చి, "కూర గిన్నె మీద మూత పెట్టాను" అని చెప్పడమే వాళ్ళ రోజువారీ కాపురం. రాత్రి ఇతను వచ్చేసరికి ఆవిడ నిద్రలో ఉంటుంది. పొద్దుటి లైను దొరికితే ఇద్దరూ మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటారు, కలిసి కూర్చుని తింటారు. బ్రేకయ్య కోరిక అంతే.

ఆ కోరిక మాత్రం ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే పోటీకొస్తారని భయం. పైగా, "ఆ లైనా? కోడికంటే ముందు లేచి చావాలి, ఎవడిక్కావాలి?" అని అందరి ముందూ వెక్కిరించేవాడు. తను మహా తెలివైనవాణ్ణని నమ్మకం మరి.

ఈ ఏడాది ఆటలో చివరికి ఇద్దరే మిగిలారు. ఆ రెండోవాడు ఎవరో చెప్పక్కర్లేదు. ముక్కలు పంచేది గ్రీజు తాత. మెకానిక్కు లైనుతో పనిలేదు గనక ఆయన్ని అందరూ నమ్ముతారు. బ్రేకయ్య తన రెండు ముక్కల్నీ కొద్దిగా ఎత్తి చూశాడు. రెండూ ఆసులే. మొదటి రెండు ముక్కల్లో అంతకంటే మంచి చెయ్యి ఆటలో లేదు. మొహం టికెట్టు అడిగే కండక్టరులా పెట్టి, వాషర్లన్నీ ముందుకు తోశాడు.

"సరే అన్నా, చూద్దాం" అని హారను కూడా తోసేశాడు.

ఇద్దరూ ముక్కలు తిప్పారు. హారను దగ్గర రెండు ఏడులు. చుట్టూ మూగినవాళ్ళు బ్రేకయ్య భుజం తట్టారు. ఇక హారను బతకాలంటే, ఇద్దరికీ ఉమ్మడిగా బల్ల మీద పరిచే అయిదు ముక్కల్లో మిగిలిన రెండు ఏడుల్లో ఒకటి పడాలి. తాత మూడు ముక్కలు పరిచాడు. ఏడు లేదు. నాలుగోది వేశాడు. అదీ కాదు. బ్రేకయ్య మనసులో పొద్దుటి లైను రేకు తీసి తగిలించేసుకున్నాడు. చివరి ముక్క ఇస్పేటు ఏడు. మూడు ఏడుల ముందు రెండు ఆసులు దిగదుడుపే.

గోలగోలగా అరిచారు. హారను నోరు వెళ్ళబెట్టి, తర్వాత పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు వినలేక బ్రేకయ్య తన ఆసుల్ని బోర్లా తిప్పేశాడు. పోయినేడాది కూడా ఇంతే. చేతిలో రాజులు పెట్టుకుని వీడి చేతిలోనే మట్టికరిచాడు.

"నువ్వు పెట్టింది కరెక్టేరా" అన్నాడు గ్రీజు తాత, ముక్కలు సర్దుతూ. "పదిసార్లు ఆడితే ఎనిమిదిసార్లు నీదే. కానీ నీ సర్వీసు ఎంతో ముక్కలకేం తెలుసు? పోయి టీ తాగు."

బ్రేకయ్య టీ తాగలేదు. హారను గోడ దగ్గర రేకుల వైపు చూస్తూ నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, "అన్నా, నీకేది కావాలో చెప్పు. దాని జోలికి పోను. నాకేదైనా పర్లేదు" అన్నాడు.

ఒక్క మాట చెప్తే సరిపోయేది. కానీ ఆ అడిగే తీరు చూడండి! ఆసుల్ని ఓడగొట్టి, ఇప్పుడు దానం చేస్తున్నాడు! గెలవడమూ సులువే, ఇవ్వడమూ సులువే వీడికి.

"నాకు ముష్టి అక్కర్లేదు. నాకూ ఏదైనా ఒకటే" అన్నాడు బ్రేకయ్య.

"అయితే పొద్దుటిది తీసుకుంటా. నువ్వెలాగూ ఆ లైను పేరెత్తితేనే తిడతావు" అని హారను రేకు తీసి తగిలించుకున్నాడు. బ్రేకయ్య మళ్ళీ తన పాత మధ్యాహ్నం లైనే తగిలించుకున్నాడు.

ఆట కోసం ఆ రోజు సెలవు పెట్టాడు గనక సాయంత్రానికే ఇల్లు చేరాడు. ఇంట్లో భార్య ఏప్రను ఇస్త్రీ చేస్తోంది. బ్రేకయ్య కథంతా చెప్పాడు. ఆసులు, నాలుగు ముక్కలు, చివరి ఏడు. ఏడు దగ్గర గొంతు పెంచాడు. ఆవిడ ఇస్త్రీ ఆపకుండానే వింది. పోయినేడాది రాజుల కథ కూడా ఇలాగే వింది.

"పోనీలెండి, దానికి మీరేం చేస్తారు?" అంది. "తర్వాత?"

"తర్వాతేముంది? పొద్దుటి లైను వాడు తీసుకున్నాడు."

"ఊరికే తీసుకున్నాడా? మిమ్మల్నేం అడగలేదా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎందుకో బయటికి రాలేదు. "అడిగాడు. నీకేది కావాలన్నాడు."

"మీరేమన్నారు?"

"నాకేదైనా ఒకటే అన్నాను."

ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టింది. "ఒకటేనా?" అంది. అరవలేదు. అరిచి ఉంటే బ్రేకయ్యకు తేలికగా ఉండేది. "ముక్క కలిసిరాకపోతే నేనేం అనను. కానీ వాణ్ణి అడగాల్సొస్తుందని నన్ను వదిలేసుకున్నారు చూడండి, అదే నాకు..." మాట పూర్తి చెయ్యకుండా ఏప్రను మడిచి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే భార్యను బేకరీ దగ్గర దింపి, బ్రేకయ్య డిపోకు వచ్చాడు. హారను అప్పటికే బస్సు అద్దం తుడుస్తున్నాడు. బ్రేకయ్య దగ్గరికి నడిచాడు. వీడి ముందు చెయ్యి చాపడమా అని లోపల ఒకటే రొద.

"ఆ లైను నాకు కావాలి" అన్నాడు. "నిన్న అబద్ధం చెప్పాను. ఎన్నేళ్ళుగానో చెప్తున్నాను. మా ఆవిడ మధ్యాహ్నం ఇంటికొస్తుంది, అప్పుడే నేను బయటికి పోతాను. ఇద్దరం కలిసి భోంచేసి ఎన్నాళ్ళైందో గుర్తు కూడా లేదు."

నవ్వుతాడనుకున్నాడు. హారను నవ్వలేదు. గుడ్డ భుజాన వేసుకుని గోడ దగ్గరికి వెళ్ళి, రేకులు మార్చి తగిలించాడు.

"ఇక రోజూ మధ్యాహ్నం ఆవిడ నీకోసం తినకుండా కూర్చుంటుందా అన్నా?"

"కూర్చుంటుంది. తినమని చెప్పినా వినదు."

హారను అతనివైపు చూశాడు. ఆ చూపులో ఉన్నది అసూయ. ఇంతకాలం తను మోసిన సరుకే గనక బ్రేకయ్య చూడగానే పోల్చుకున్నాడు. హారను ఒక్కడే ఉండే గది, క్యాంటీనులో మూలబల్ల, అక్కడ ఒక్కడే కూర్చుని తినే తిండి, రోజూ కళ్ళముందే ఉన్నా ఎన్నడూ లెక్కలోకి రానివన్నీ ఇప్పుడు గుర్తొచ్చాయి. వీడు ఎప్పుడు కుళ్ళుకుంటాడా అని కలలు కన్నవాడు, తీరా చూశాక తల దించుకున్నాడు.

బస్సు తీసే వేళయింది. గేటు దగ్గర బ్రేకు మీద కాలు పెట్టి బ్రేకయ్య అద్దంలోకి చూశాడు. మధ్యాహ్నం దాకా హారనుకు డ్యూటీ లేదు. అయినా ఇంటికి బయల్దేరకుండా, గుడ్డ భుజాన వేసుకుని రేకుల దగ్గరే నిలబడి ఉన్నాడు.