మేకుకు వేలాడిన తాడు

మా కౌంటీలో జరిగిన చావులన్నీ నా అదుపులోనే ఉంటాయి. పాత రైలు స్టేషన్‌లో మూడు గదుల మ్యూజియం. మొదటి గదిలో ధాన్యం గోదాము పేలుడు, రెండో గదిలో వరద, మూడో గదిలో మంచుతుఫాను. వచ్చినవాళ్ళకు ముప్ఫై ఏళ్ళుగా వీటి గురించి చెబుతున్నది నేను, లియోటా బ్రెకె. జీతం లేదు. ఎనభై ఒకటో ఏట ఇంకా ఎందుకొస్తావని మా సంఘం అధ్యక్షురాలు విల్మా దెప్పుతుంది. ఆ మూడో గది తాళం ఇంకొకరి చేతిలో పెట్టడం నాకిష్టం లేదు. ఆ సంగతి దానికి చెప్పను.

ఆ గదిలో గాజుపెట్టెలో ఒక తాడుంది. కింద నేను టైపు చేసిన అట్టముక్క: “పాలేరు ఎమ్మెట్ స్ట్రౌడ్ విప్పి, తిరిగి కట్టడం మరిచిన తాడు. ఆ సాయంత్రం నీల్స్ బ్రెకె తన ఇంటికీ పశువుల కొట్టానికీ మధ్య దారి తప్పి చనిపోయాడు.”

నీల్స్ బ్రెకె మా నాన్న.

చలికాలం మొదలవగానే వంటింటి గుమ్మం నుంచి కొట్టం దాకా తాడు కట్టడం పాలేరు పని. మంచు రేగితే చాచిన చెయ్యి కూడా కనపడదు. తాడు పట్టుకుని వెళ్ళి పాలు పితికి, తాడు పట్టుకునే తిరిగి రావాలి. ప్రతి మే నెలలో బడిపిల్లలు వచ్చి దాని కొసనున్న ఎర్రమరక ఏమిటని అడుగుతారు. తుప్పని చెబుతాను. నమ్మేసి, పేలిపోయిన గోదాము ఫొటోల దగ్గరికి పరిగెడతారు.

పోయిన గురువారం మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. అట్టముక్క చదివింది. చదవడం అయిపోయినా కదలలేదు.

“ఈ ఎర్రమరక ఏంటండీ?”

“తుప్పు.”

“తాడుకి తుప్పు పడుతుందా?”

ముప్ఫై ఏళ్ళలో ఎవరూ ఆ మాట అనలేదు.

“నా పేరు వెర్నా అండి. ఎమ్మెట్ స్ట్రౌడ్ మా నాన్న,” అంది.

ఆ మనిషికి పెళ్ళాం పిల్లలు ఉంటారని నేనెప్పుడూ ఊహించలేదు. ఊహించకూడదని మనసులో గట్టిగా అనుకున్నాను కాబోలు.

“మీ నాన్న బతికున్నాడా?”

“మార్చిలో పోయాడండి. తొంభై మూడు.”

మార్చి. రెండు నెలల కిందటిదాకా బతికే ఉన్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఇక దాచి ఎవరిని ఉద్ధరించాలి?

“ఆ తాడు మీ నాన్న విప్పలేదమ్మా. నేను విప్పాను,” అన్నాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. అది చూసి కూడా ఆగలేకపోయాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. జనవరిలో ఉన్నట్టుండి ఎండ కాసింది. ఎమ్మెట్ దాణా పట్టించుకు రావడానికి పట్నం వెళ్ళాడు. నా మంచుబండి, అదే, మంచు మీద జారుతూ ఆడుకునే చెక్కబండి, దాని తాడు తెగిపోయింది. గుమ్మం దగ్గరి తాడు విప్పి బండికి కట్టుకున్నాను. బండికి ఆ ముందురోజే ఎర్రరంగు వేశారు, ఇంకా ఆరలేదు. ఆడి ఆడి బండిని మొక్కజొన్న గాదె వెనక వదిలేశాను. నాలుగింటికల్లా ఆకాశం తెల్లగా కూలిపోయింది. అమ్మ పసిబిడ్డతో లోపలి గదిలో పడుకుని ఉంది. ఆవులు అరుస్తున్నాయి.

“నాన్న గుమ్మంలో నిలబడి, ‘తాడేదే, లియోటా?’ అన్నాడు. నేను బొమ్మల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. తిడతాడని. ఆయన వెళ్ళిపోయాడు.”

పొద్దున ఇంటికి నలభై అడుగుల దూరంలో దొరికాడు.

“నేను గాదె దగ్గరికి పరిగెత్తాను. బండికి తాడు లేదు. చూస్తే కొట్టంలో మేకుకు వేలాడుతోంది. మా అమ్మ తీసి తగిలించిందనుకున్నాను. నన్ను కాపాడి, దాణా బండి తోలడానికి అడ్డమని పాలేరే విప్పాడని నింద మీ నాన్న మీద వేసిందనుకున్నాను. పాలేరు గనక ఎదురు చెప్పలేకపోయాడనుకున్నాను. అమ్మ చచ్చిపోయేదాకా ఆ సంగతి అడగలేదు. అమ్మా నాకు చెప్పలేదు.”

“మీ అమ్మగారికి తెలిస్తే కదండీ చెప్పడానికి,” అంది వెర్నా మెల్లగా. “తెల్లారి పట్నం నుంచి వస్తూ మీ మంచుబండిని మా నాన్నే చూశాడు. తాడు విప్పి మేకుకు తగిలించింది ఆయనే. కట్టడం మరిచింది తానేనని అందరికీ చెప్పిందీ ఆయనే.”

“ఎందుకు?”

“నేనూ అలాగే అరిచాను ఆయన మీద. ఈ కౌంటీలో ఒక్కడు పనివ్వలేదు, చుట్టుపక్కల నాలుగు కౌంటీల్లో పేరు చెబితే తలుపులు వేసేవాళ్ళు. ‘నేనైతే ఇంకో ఊరు పోగలను, ఎనిమిదేళ్ళ పిల్ల ఎక్కడికి పోతుంది?’ అనేవాడు. మీరే ఎప్పటికైనా చెబుతారని, అందాకా మమ్మల్ని నోరు విప్పొద్దనీ అన్నాడు.” ఆవిడ గాజుపెట్టెలోని అట్టముక్కను చూసింది. “ఇది మీరు రాసిందేనాండీ?”

అవునన్నాను. అంతకంటే సిగ్గుపడిన రోజు నా జీవితంలో లేదు. ఆవిడ తిట్టలేదు. చేతిసంచి సర్దుకుని, దారి చాలా దూరమని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే, తాడు విప్పింది నేనేనని కొత్త అట్ట టైపు చేశాను. మర్నాడు విల్మా చూసి నెత్తి కొట్టుకుంది.

“నీకు మతి పోయిందా ఏమే? ఇన్నేళ్ళ తర్వాత ఇదంతా ఎవరికి కావాలి? మీ అమ్మ పేరు, మీ ఇంటి పరువు...”

“ఇన్నేళ్ళూ ఆ పరువు ఎమ్మెట్ మోశాడే. ఇక చాలు. ఆ అట్ట తీస్తే తాళాలు నీ మొహాన కొట్టి పోతాను.”

తీయలేదు.

ఈ సోమవారం బడిపిల్లలు వచ్చారు. జడలు వేసుకున్న ఒక పిల్ల గాజుకు ముక్కు ఆనించి, ఆ ఎర్రదేమిటని అడిగింది.

“రంగు. నా బండిది. ఆ తాడు నేనే విప్పాను, మా నాన్న అడిగితే చెప్పలేదు.”

ఆ పిల్ల అట్టముక్క కూడబలుక్కుని చదివి, నా మొహంలోకి చూసింది.

“మీ నాన్న నిన్ను తిట్టలేదా?”

“లేదమ్మా,” అన్నాను. “తిట్టడానికి ఇంటికి రాలేదు.”