మొదటి వరుసలో ప్రార్థన

మా లాము దీవి పట్టణంలో ఎవరు ఏ కాగితం మొదలుపెట్టినా పైన బిస్మిల్లా రాస్తారు. పెళ్లి పిలుపు మీద, పడవ మరమ్మతు చీటీ మీద, చివరికి పిల్లల లెక్కల పుస్తకం మీద కూడా. నర్సుల కాలేజీకి వెబ్‌సైటు తయారు చేసినప్పుడు నేనూ అలాగే చేశాను. ప్రతి ఫైలు మొదటి వరుసలో, చూసేవాళ్ల కంటికి కనబడకుండా గుర్తుల మధ్య దాచి, దేవుడి పేరు రాసి, రెండో వరుస నుంచి పని మొదలుపెట్టాను. నేను చదివింది ఫారం ఫోర్ దాకానే, అంటే హైస్కూలు చదువు. మిగతాదంతా చేస్తూ నేర్చుకున్నదే. రెండేళ్లలో ఆ సైటు ఒక్కసారి కూడా నా పరువు తీయలేదు.

కాలేజీలో చేరే దరఖాస్తులకు ఆఖరి రోజు గురువారం. సాయంత్రం ఐదింటికి గడువు. ఆ మధ్యాహ్నం నమాజు చదివి వచ్చేసరికి కాలేజీలో నా గది ముందు ఒకామె ఫోను పట్టుకుని నిలబడి ఉంది. పేరు మ్వానాకోంబో. ఫాజా దీవి నుంచి పడవలో వచ్చిందట. అక్కడి ఆరోగ్య కేంద్రంలో కాన్పులకు సాయం చేస్తుంది.

"దరఖాస్తు పంపితే తెల్ల కాగితం వస్తోంది బ్వానా. నెంబరు రావట్లేదు."

"ఎన్నిసార్లు నొక్కావు చెల్లెమ్మా?"

"నాలుగు. నాలుగోసారి గట్టిగా నొక్కాను."

"గట్టిగా నొక్కితే పలకడానికి అదేమన్నా గాడిదా?" అన్నాడు లోపలినుంచి వఫూలా. అతను బుంగోమా నుంచి వచ్చిన క్రైస్తవుడు, కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు.

ఆమె నవ్వలేదు. "వచ్చే ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరు," అంది.

"కూర్చో. ఐదులోపు నీ నెంబరు నీ చేతిలో ఉంటుంది," అన్నాను. ఊరికే ధైర్యం చెప్పడం కాదు. నేను రాసిన దాంట్లో తప్పుంటే అది నాకు దొరికి తీరుతుందని నా నమ్మకం.

ఆ సైటు పని తీరు ఇది. దరఖాస్తు పంపగానే సర్వరు దాన్ని దాచుకుని, "ఇక ఫలానా పేజీకి వెళ్లు" అని ఫోనుకు చెప్పాలి. దారి మళ్లించడమంటే అంతే. నెంబరు ఉండేది ఆ రెండో పేజీలో. నెంబరు లేనివాళ్ల పేరు పరీక్ష జాబితాలోకి ఎక్కదు.

"రెండు పేజీలూ ఒకదాన్నొకటి నువ్వెళ్లంటే నువ్వెళ్లని తరుముకుంటున్నాయేమో," అన్నాడు వఫూలా.

"అలాగైతే మళ్లింపులు మరీ ఎక్కువయ్యాయని ఫోనే మొత్తుకుంటుంది. ఇది నోరు మెదపడం లేదుగా."

వెళ్లాల్సిన పేజీ చిరునామా సరిచూశాను, సరిగానే ఉంది. నేనే ఒక ఉత్తుత్తి దరఖాస్తు పంపి, సర్వరు ఏమని జవాబిస్తోందో చూశాను. దారి మళ్లిస్తే మూడు వందల రెండు అనే అంకె రావాలి. వచ్చింది రెండు వందలు. అంటే "అంతా సవ్యం, ఇదిగో నీ పేజీ" అని. తెల్ల కాగితం చేతిలో పెట్టి సవ్యం అంటోంది! వెళ్లమన్న మాట అసలు సర్వరు గడపే దాటలేదన్నమాట.

తప్పులు నమోదయ్యే చిట్టా తెరిచాను. కారణం అక్కడ సూటిగా రాసి ఉంది. పేజీలోని సరుకు ముందే బయటికి వెళ్లిపోయింది, ఆ తర్వాత దారి మళ్లించడం కుదరదు. మొదలైన చోటు: దరఖాస్తు ఫైలు, ఒకటో వరుస.

వఫూలా నా భుజం మీదుగా తొంగి చూశాడు. "ఒకటో వరుసలో ఏముంది బ్వానా ఫామౌ?"

ఆ వరుస తెరిచి, బిస్మిల్లా మీద వేలు పెట్టి చూపించాను.

"మీ దేవుడే అడ్డం నిలబడ్డాడన్నమాట!"

"దేవుడు నిలబడలేదు. నేను నిలబెట్టాను," అన్నాను.

సంగతి అర్థమైంది. కవరు మీద చిరునామా ముందు రాసి, ఆ తర్వాత ఉత్తరం పంపాలి. ఉత్తరం బయలుదేరాక చిరునామా మార్చలేం. కంటికి కనబడకపోయినా నా బిస్మిల్లా ఉత్తరంలో భాగమే. పాత సర్వరు పేజీ మొత్తం తయారయ్యేదాకా అంతా చేతిలో పట్టుకుని ఉండేది కాబట్టి రెండేళ్లూ గడిచిపోయాయి. ఆదివారం మారిన కొత్త సర్వరుకు ఆ ఓపిక లేదు, అందినది అందినట్టే పంపేస్తోంది.

"కొత్తదాన్ని కూడా పట్టుకుని ఉండమని చెప్పు. ఒక్క మాటతో తప్పు పోతుంది," అన్నాడు వఫూలా.

"పోదు, దాక్కుంటుంది. మళ్లీ సర్వరు మారిన రోజున మళ్లీ బయటపడుతుంది."

ఆ వరుస చెరపడానికి మాత్రం చేయి రాలేదు. దేవుడి పేరు మొదట ఉండాలి, నిజమే. కానీ మొదట అంటే మొదటి వరుసా? నా పుణ్యం కోసం ఒక మనిషి దారి మూసుకుపోతుంటే దానికి ఆయన సంతోషిస్తాడా? ఆ వరుసను కిందికి జరిపి, సర్వరు చదువుకుంటుందే తప్ప బయటికి పంపని చోట పెట్టాను. మిగతా ఫైళ్లలోనూ అదే చేసి, మళ్లీ ఉత్తుత్తి దరఖాస్తు పంపాను. మూడు వందల రెండు. రెండో పేజీ వచ్చింది, నెంబరుతో.

మ్వానాకోంబో ఫోనులో సైటును తన పేరుతో తెరిచింది. ఎర్రక్షరాలు వచ్చాయి: ఒకరికి ఒకటే దరఖాస్తు, మీవి నాలుగు, అన్నీ రద్దు.

ఆ నియమం ప్రిన్సిపాల్ బీ జుహురాది. మార్చగలిగేది ఆవిడే. నాలుగున్నరకు ఆవిడ గదిలో నిలబడ్డాను.

"నాలుగు పంపిన మనిషికి జాగ్రత్త ఉందంటావా ఫామౌ? రేపు మందు కూడా నాలుగుసార్లు వేస్తుంది."

"ఆమె పంపింది ఒక్కటేనండి. జవాబు రాక మళ్లీ అడిగింది. జవాబు ఆపింది నేను. ఫైలు మొదట్లో నేను రాసిన బిస్మిల్లా."

ఆవిడ కళ్లజోడు తీసింది. "ఏది, మళ్లీ చెప్పు."

చెప్పాను. కవరు, ఉత్తరం, అన్నీ.

"తీసేశావా?"

"లేదండి. బయటికి పోని చోటికి మార్చాను."

"ఇలా ఇంకెంతమంది నొక్కారు?"

"ఆమెతో కలిపి పదకొండు మంది."

"పదకొండు మందివీ మొదటివి ఉంచు, మిగతావి కొట్టెయ్. తప్పు కాలేజీదని సైటు మీద నీ పేరుతో రాయి."

"రాస్తానండి."

ఐదుకు పది నిమిషాలుండగా మ్వానాకోంబో ఫోనులో నెంబరు మెరిసింది. ఆమె దాన్ని పైకి రెండుసార్లు చదివి, బొటనవేలు గాలిలో ఆపి నా వైపు చూసింది.

"ఇప్పుడు ఇంకోసారి నొక్కాలా?"

"వద్దు తల్లీ," అన్నాం నేనూ వఫూలా ఒక్కసారే.