అక్క ఇంటి పిల్లరు

తల నిండా జుట్టున్నా ఆయన్ని అందరూ గుండు మేస్త్రి అనే పిలిచేవారు. ఆయన చేతిలో తూకపు గుండు ఉంటే గోడ వెంట్రుకవాసి కూడా పక్కకు ఒరగదని పేరు. ముప్పై ఏళ్ళ కట్టుబడిలో ఆ పేరే ఆయన సంపాదన. అందుకే భూకంపం వచ్చి వెళ్ళిన ఎనిమిది నెలలకు, యాభై నాలుగేళ్ళ వయసులో, చిన్నపిల్లల బడి బెంచీలో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చోవలసి వచ్చినప్పుడు ఆయనకు తల కొట్టేసినట్టయింది.

కొత్త నిబంధనలు వచ్చాయి. ఆరు రోజులు శిక్షణకు వెళ్ళి కార్డు తెచ్చుకున్న మేస్త్రి సంతకం లేనిదే ఏ ఇంటికీ అనుమతి రావడం లేదు. పునాది ఎంత లోతుండాలో, పిల్లరులో ఇనుప రింగులు ఎంతెంత దగ్గర కట్టాలో అంతా కాగితం మీద ఉంటుంది. ఇంజనీరు వచ్చి చూసి సరేనన్నాకే కాంక్రీటు పోయాలి. తాతకు దగ్గులు నేర్పుతున్నారని ఆయన ఇంట్లో విసుక్కున్నాడు. అయినా వెళ్ళక తప్పలేదు. అక్క ఇల్లు కట్టాలి.

అక్క పాత ఇంటిని పదకొండేళ్ళ క్రితం ఆయనే కట్టాడు. భూమి ఊగినప్పుడు గోడలు నిలిచాయి గానీ ముందు పిల్లరు విరిగి వరండా స్లాబు కూలింది. బయటికి పరిగెత్తుతున్న బావ కుడిచెయ్యి దాని కింద నలిగింది. బావ దర్జీ. ఇప్పుడు ఆ చేతికి మూడు వేళ్ళు ముడుచుకోవు, కత్తెర పట్టలేడు. అక్కాబావలు రేకుల షెడ్డులో ఒక గదిలో ఉంటున్నారు. పలకరించడానికి వచ్చినవాళ్ళతో బావ, ఊరందరికీ నేను కొలతలు తీశాను, భూమి నాకు తీసింది అని నవ్వేవాడు. మిగతావాళ్ళు కూడా భూకంపాన్నే తిట్టారు. మేస్త్రి కూడా తిట్టాడు.

మూడో రోజు క్లాసులో ఇంజనీరు కూలిన ఇళ్ళ ఫొటోలు గోడ మీద వేసి చూపించింది. మేస్త్రి పెద్దకూతురి ఈడు అమ్మాయి, మెత్తగా మాట్లాడుతుంది. నాలుగో ఫొటో పడగానే మేస్త్రి బెంచీలో ముందుకు వంగాడు. పైన బీము దగ్గర విరిగిన పిల్లరు, విరిగిన గొడుగు ఊచల్లా నాలుగు వైపులకూ చీలిన ఇనుప చువ్వలు, వెనక లేత ఆకుపచ్చ గోడ. ఆ రంగు వేయమని అక్కకు చెప్పింది ఆయనే.

ఈ పిల్లరు ఎందుకు విరిగిందో చెప్పమని ఆ అమ్మాయి అడిగింది. వెనక వరసలోంచి ఎవరో రింగులు తక్కువన్నారు. అవునని, బీము దగ్గర నాలుగు వేళ్ళ బెత్తెడు దూరానికొకటి ఉండవలసిన రింగు జానెడున్నరకొకటి ఉందని, రింగు కొస లోపలికి కొక్కెంలా వంగాల్సింది ఊరికే మడిచి వదిలేశారని ఆమె కర్రతో చూపించింది. తర్వాత ముందు బెంచీలో ఉన్న గుండు మేస్త్రి వైపు తిరిగింది.

"మేస్త్రిగారూ, మీరేమంటారు?"

"భూమి గట్టిగా ఊగిందమ్మా" అన్నాడాయన.

"పక్కింటికీ అంతే ఊగింది కదండీ. అది నిలబడింది" అని ఆమె ఫొటోకేసి చూసింది. "ఈయనెవరో గానీ గోడ మాత్రం ఎంత నిక్కచ్చిగా కట్టాడో చూడండి. చేతగాక చేసిన పని కాదు ఇది."

తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. నిజంగానే అది చేతగాక చేసిన పని కాదు. రింగుల లెక్క కొత్తగా పుట్టిందీ కాదు, అప్పటి కాగితంలోనూ ఉంది. ఆ రోజు చువ్వలు వంచేవాడు రాలేదు. సాయంత్రానికల్లా పిల్లర్లు నిలబెడతానని మేస్త్రి బావతో పొద్దున్నే గొప్పగా అనేశాడు. మూడు పిల్లర్లకు రింగులు సరిపోయాయి. నాలుగోదైన ముందు పిల్లరుకు వంచుతూ కూర్చుంటే చీకటి పడుతుంది, అన్న మాట పోతుంది. ఉన్నవాటినే దూరదూరంగా కట్టి, లోపల ఎవడు చూడొచ్చాడని కాంక్రీటు పోయించేశాడు. ఆ సాయంత్రం బావ భుజం తట్టి మెచ్చుకున్నాడు. భూకంపం తర్వాత ఆ పిల్లరు దగ్గరికి పోకుండా ఆయన ఎనిమిది నెలలు తప్పించుకు తిరిగాడు.

మర్నాడు మధ్యాహ్నం క్లాసు అయ్యాక, కార్డు వచ్చేలోగా అనుమతికి దరఖాస్తు ఇచ్చిపెట్టడానికి అక్కతో కలిసి ఆఫీసుకు వెళ్ళాడు. కౌంటరు వెనక అదే ఇంజనీరు ఉంది. పాత ఇంటి చిరునామా చూసి, ఫైలులోంచి ఒక ఫొటో తీసి, ముందు ఇది ఎందుకు కూలిందో మీరు తెలుసుకోవాలమ్మా అంది. అక్క ఫొటో పక్కకు నెట్టేసింది. ఈ రూళ్ళన్నీ దొంగ మేస్త్రుల కోసమని, ఆ ఇల్లు కట్టిన తన తమ్ముడికి అక్కర్లేదని, వాడు కట్టినన్ని ఇళ్ళు నువ్వు కాగితం మీద కూడా గీసి ఉండవని దులిపేసింది. వరసలో ఉన్నవాళ్ళంతా వింటున్నారు.

"మా తమ్ముడి పనికి వంక పెట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదమ్మాయ్" అంది చివరికి.

ఆ అమ్మాయి మేస్త్రి ముఖంలోకి చూసింది. ఆమెకు అర్థమైపోయిందని ఆయనకు తెలిసింది. ఆయనే చెబుతాడేమోనని ఆమె ఫొటోను ఆయన వైపు జరిపింది. ఆయన కాగితాలు మడిచి, పద అక్కా, రేపు వద్దాం అన్నాడు. దారి పొడుగునా అక్క ఇంజనీరును తిడుతూనే ఉంది. ఆయన భూమిలోకి కుంగిపోతున్నట్టు నడిచాడు.

పొద్దున లేవగానే షెడ్డుకు వెళ్ళాడు. బావ ఎడమచేత్తో గడ్డం గీసుకుంటున్నాడు, అక్క బియ్యం ఏరుతోంది. ఆయన కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే, పిల్లరు విరిగింది నా వల్లేనని చెప్పాడు. ఆ క్లాసులో బుర్ర తిరిగి మాట్లాడుతున్నావని అక్క కొట్టిపారేసింది. అప్పుడాయన బెత్తెడు ఎంతో, తను వదిలిన దూరం ఎంతో చేత్తో కొలిచి చూపించి, ఆ పూట తొందరలో ఉన్న రింగులతోనే సరిపెట్టేశానన్నాడు. అక్క చేట పక్కన పెట్టేసింది.

"ఆ పూట అంత తొందరేమొచ్చిందిరా?" అని అడిగాడు బావ.

"సాయంత్రానికల్లా అయిపోతుందని నీతో అన్నాను బావా."

"నేను తొందరపెట్టలేదే."

"లేదు. నువ్వు పెట్టలేదు."

బావ తన చేతికేసి చూసుకుని, సబ్బునురుగుతోనే లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఏదో ఒక హాస్యం ఆడి తేలిక చేస్తాడని మేస్త్రి లోలోపల ఆశపడ్డాడు. ఆశపడినందుకు మరింత సిగ్గేసింది.

అక్క లేచి గుమ్మం దాకా వచ్చింది. "నిన్న నా పక్కనే ఉన్నావు. పాపం ఆ పిల్లను నేనన్ని మాటలంటుంటే వింటూ నిలబడ్డావు. నా చేత నిన్ను పొగిడించుకున్నావు కదరా అంతమంది ముందు."



ఆరో రోజు క్లాసులో, కార్డులు పంచబోతుండగా ఆయన లేచి ఆ నాలుగో ఫొటో మళ్ళీ వేయమన్నాడు. అది తన పనేనని, తెలిసే చేశానని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఇరవైమంది మేస్త్రులూ తలలు దించుకున్నారు. వాళ్ళలో ఎంతమందికి ఎన్ని ఇళ్ళు గుర్తొచ్చాయో మరి. మరుసటి బ్యాచీకి ఆ ఫొటో తీసేయనా అని ఇంజనీరు విడిగా అడిగింది. ఉంచండమ్మా అన్నాడు.

అక్క ఇంటి పని వేరే మేస్త్రికి ఇచ్చింది. ఆయనకు అది న్యాయమనే అనిపించింది గానీ ఇంట్లో కూర్చోలేకపోయాడు. ఆ మేస్త్రి దగ్గరికి వెళ్ళి రింగులు వంచే పని ఇమ్మని అడిగాడు. అతను, మీరు నా కింద పని చేయడమేంటండీ అని నొచ్చుకుని, చివరికి సరేనన్నాడు. మొదటి రోజు అక్క వచ్చి, ఇసుకకుప్ప పక్కన గొంతుక్కూర్చుని చువ్వలు వంచుతున్న తమ్ముణ్ణి చూసింది. పొమ్మనలేదు, పలకరించలేదు. రోజూ పనివాళ్ళందరి చేతికీ టీ ఇచ్చేది. ఆయన గ్లాసు మాత్రం ఇటుకల మీద పెట్టి వెళ్ళేది. బావ వచ్చేవాడే కాదు.

రెండు నెలలు గడిచాయి. పిల్లర్లకు ఇనుము కట్టడం అయింది. ఇంజనీరు తనిఖీకి రావలసిన రోజు పొద్దున్నే అక్క ఒక్కతే వచ్చింది. పమిట నడుముకు దోపుకుని, ఒక్కో రింగు సందులో నాలుగు వేళ్ళూ పెట్టి చూసుకుంటూ, కొసలు తడుముతూ కదిలింది. మూడో పిల్లరు దగ్గర ఆగింది.

"ఇది సరిగ్గా వంగలేదు" అంది.

రెండు నెలల్లో ఆయనతో అన్న మొదటి మాట అది. ఆయన వచ్చి చూశాడు. ఇంజనీరయినా తప్పుపట్టనంత చిన్న తేడా. అయినా కట్టువైరు విప్పి, రింగు తీసి, కొస పూర్తిగా లోపలికి వంచి మళ్ళీ బిగించాడు. అంతసేపూ అక్క అక్కడే నిలబడి చూసింది. కొసను వేలితో మరోసారి తడిమి, నాలుగో పిల్లరు వైపు నడిచింది. రమ్మనలేదు గానీ, ఆయన పట్టుకారు పట్టుకుని ఆమె వెనకే వెళ్ళాడు.