అక్షరాలు రాలే బోర్డు

పొద్దున్న బెల్లు కొట్టకముందే ఆయా ఏడో తరగతి గది ఊడ్చేస్తుంది. బెంచీల కింద పెన్సిల్ చెక్కులు, కాగితం ఉండలు, బోర్డు కింద నిన్న రాలిన అక్షరాలు, అన్నీ ఒకే చేటలోకి ఎత్తుతుంది. సోషల్ సారు పాఠం చెప్పిన మర్నాడు మాత్రం చేట రెండుసార్లు నిండుతుందని ఆవిడ విసుగు. "ఈ రాజులందరూ ఒకేసారి ఇక్కడే పడి చావాలా!" అని గొణుక్కుంటుంది.

ఆ బోర్డు గోడంత తెర. వేలితో రాస్తే రాత పడుతుంది, బొమ్మని ముట్టుకుని లాగితే జరుగుతుంది. అలాంటివి మిగతా గదుల్లోనూ ఉన్నాయి. ఏడో తరగతిలోది మాత్రం, గదిలో ఒక్కరికైనా నిజంగా అర్థమైన దాన్నే నిలుపుకుంటుంది. ఎవరికీ అర్థం కాకపోతే కాసేపు చూసి అక్షరాల్ని టపటపా కింద రాల్చేస్తుంది. బిగించిన కంపెనీ మనిషిని లెక్కల టీచరు అడిగితే, "సెట్టింగే అంత మేడం, మార్చడానికి లేదు" అని సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. అందరూ సర్దుకుపోయారు. సోషల్ సారైతే తన రాజులు కాళ్ళమీద పడుతున్నా ఆగడు. సిలబస్ అయిందా లేదా అదొక్కటే ఆయనకి కావాలి.

లెక్కల టీచరు సర్దుకోలేకపోయింది. భిన్నాల భాగహారం వచ్చినప్పుడల్లా "రెండో భిన్నాన్ని తిరగేసి గుణించాలి" అని రాసేది, అది రాలిపోయేది. పిల్లలు సరిగ్గా వినట్లేదని తనకి తను సర్దిచెప్పుకునేది. వాళ్ళలో ఒక పిల్ల ఉంది, దేనికైనా ఎందుకని అడుగుతుందని క్లాసంతా ఎందుకమ్మ అని పిలుస్తారు. "ఎందుకు తిరగెయ్యాలి టీచర్?" అని ఆ పిల్ల అడిగిన రోజున, "అది రూలమ్మా, కూర్చో" అని, మర్నాటినుంచి ఆఖరి బెంచీలో కూర్చోబెట్టింది.

ఆ సోమవారం హెడ్మాస్టరు ఆవిణ్ణి పిలిచాడు.

"శుక్రవారం తనిఖీ అధికారి వస్తున్నారమ్మా. మీలాంటి కాంట్రాక్టు వాళ్ళలో ఎవర్ని ఉంచాలో ఎవర్ని తీసెయ్యాలో పాఠం చూసి చెప్తారట. మీరు భిన్నాల భాగహారం చెప్పండి. ఏడో తరగతి బోర్డు మీదే. ఆయనకి టెక్నాలజీ అంటే ప్రాణం."

ఆవిడ భర్త బస్సు డ్రైవరు. నడుం పట్టేసి మంచానికి అతుక్కుపోయాడు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈ ఉద్యోగమే దిక్కు.

గురువారం మధ్యాహ్నం పిల్లలు భోజనాలకి వెళ్ళాక ఒక్కతే ఏడో తరగతి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. రెండూ రెండూ నాలుగు అని రాసింది. నిలిచింది. "రెండో భిన్నాన్ని తిరగేసి గుణించాలి" అని రాసింది. కాసేపటికి 'తి' ఊగింది. తర్వాత వరసంతా వచ్చి ఆవిడ చెప్పులమీద పడింది.

గదిలో పిల్లలు లేరు. వినని వాళ్ళెవరూ లేరు. తనొక్కతే ఉంది.

అప్పుడు వేసింది భయం. ఉద్యోగం పోతుందన్న భయం దీనిముందు ఎంత! ఇన్నేళ్ళూ ఎంతమంది పిల్లల ముందు నిలబడి, తనకే తెలియని ముక్కని తెలిసినట్టు చెప్పింది! ఎవరైనా తలుపు తీస్తారేమోనని గబగబా ఆ అక్షరాలన్నీ ఏరి హ్యాండ్‌బ్యాగులో కుక్కేసుకుంది.

సాయంత్రం భర్త అడిగాడు. "కంచం ముందు కూర్చుని ఏంటా పరధ్యానం?"

"రేపు నా ఉద్యోగం పోతుందండీ."

"నీ మొహం. ఎప్పుడూ చెప్పే పాఠమేగా?"

"ఎప్పుడూ చెప్తున్నాను. తెలిసి కాదు."



శుక్రవారం తనిఖీ అధికారి వెనక బెంచీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాడు. పక్కన హెడ్మాస్టరు. లెక్కల టీచరుకి ఒక్కటే ఆశ. అంత చదువుకున్న మనిషి, ఆయనకైనా తెలిసుంటుంది, ఆయన పుణ్యమా అని నాలుగు అక్షరాలు నిలుస్తాయి. రూలు రాసి పక్కకి జరిగింది.

టపటపా రాలాయి. సున్న ఒకటి దొర్లుకుంటూ పోయి అధికారి బూటుకి తగిలింది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆయన మొహం కందిపోయింది. హెడ్మాస్టరు ఫ్యాను వంక చూస్తున్నాడు.

ఆఖరి బెంచీలోంచి చెయ్యి లేచింది.

"ఎందుకు తిరగెయ్యాలి టీచర్?"

రూలమ్మా అనబోయింది. నిన్న చెప్పులమీద పడ్డ అక్షరాలు గుర్తొచ్చాయి.

"నాకు తెలీదమ్మా."

హెడ్మాస్టరు దగ్గాడు. ఆవిడ ఇంక వెనక్కి పోలేక, "ఎందుకు తిరగెయ్యాలి?" అని బోర్డు మీద రాసింది. ఒక్క అక్షరం కదల్లేదు. దాని కింద, మూడుని మూడు బై నాలుగుతో భాగించు అని వేసింది. ఆ మూడు బై నాలుగు అప్పుడే కిందకి జారుతోంది. ఆవిడ అరచేత్తో అదిమి పట్టుకుంది.

"దీన్నేమంటారు? తొందరగా చెప్పండి!"

"మూడు బై నాలుగు!" అంది క్లాసు. చేతికింద అంకెలు ఇంకా జారుతున్నాయి.

"ఇంట్లో, ఇంట్లో ఏమంటారు?"

"ముప్పావు."

రాసింది. ముప్పావు గట్టిగా నిలబడింది.

"ముప్పావంటే మూడు పావులేగా టీచర్" అంది ఎందుకమ్మ, ఇందులో ఏముందన్నట్టు.

లెక్కల టీచరు పుట్టిన్నాటినుంచీ అంటున్న మాట. ఇప్పుడే విన్నట్టు వింది.

"ఇలా రా. అందరూ రండి."

తెరమీద మూడు పొడుగు పట్టీలు గీసింది. "వీటిలో ముప్పావులు ఎన్నున్నాయో చూడాలి. ఎలా?" పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వేళ్ళతో పట్టీల్ని పావులుగా కోశారు. ఒకడు తప్పు కోస్తే ముక్క కింద పడింది. మళ్ళీ గీశారు. మొత్తం పన్నెండు పావులు. వాటిని మూడేసి చొప్పున లాగి గుట్టలు పెట్టారు. నాలుగు గుట్టలు.

"ముందేం చేశాం?"

"పావులు చెయ్యడానికి నాలుగుతో గుణించాం."

"తర్వాత?"

"మూడేసి పెట్టాం. మూడుతో భాగించాం." ఎందుకమ్మ నోరు తెరుచుకుంది. "నాలుగు పైకెళ్ళింది, మూడు కిందకొచ్చింది. అదే తిరగబడిపోయింది టీచర్!"

ఆవిడ రూలు మళ్ళీ రాసింది. చెయ్యి తియ్యడానికి భయపడింది. తీసింది. ఏ అక్షరమూ రాలలేదు.

పిల్లల్ని ఆటకి పంపేశారు. తనిఖీ రిపోర్టు పాఠం చూసిన గదిలో బోర్డు మీదే రాసి, అక్కణ్ణించే పై ఆఫీసుకి పంపాలని కొత్త పద్ధతి. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. తెలీదని తన నోటితోనే చెప్పేసింది. ఇంక ఏం మిగిలిందని?

అధికారి అలవాటు చొప్పున మొదలుపెట్టాడు. "అభ్యసన సామర్థ్యాల సాధనలో లోపభూయిష్ట నిర్వహణ." వాక్యం పూర్తికాకుండానే రాలిపోయింది. ఈసారి "కొనసాగించరాదు" అని రాశాడు.

ఆ మాట నిలిచింది. ఆవిడ తలుపు రెక్క పట్టుకుంది. మంచం మీద మనిషి గుర్తొచ్చాడు. హెడ్మాస్టరు తల దించుకున్నాడు. ఎందుకు కొనసాగించకూడదో రాసినాయనకీ అర్థం కాలేదు కాబోలు, మెల్లిగా 'దు' జారింది, వెనకే మిగతావీ వచ్చేశాయి.

ఆయన రాలినవాటి మధ్య నిలబడి గుమ్మం వైపు తిరిగాడు.

"ఏం రాయమంటారు టీచరుగారూ?"

"మీకు అర్థమైందే రాయండి సార్."

ఆయన చెయ్యెత్తాడు. చిన్నపిల్లాడిలా కూడబలుక్కుంటూ రాశాడు.

"ముప్పావంటే మూడు పావులని నాకు ఇవాళే తెలిసింది. ఈవిణ్ణి ఉంచండి."

ముగ్గురూ చూశారు. ఎంతసేపు చూసినా ఒక్క అక్షరమూ కదల్లేదు. హెడ్మాస్టరు ఒక్క గంతులో వెళ్ళి, ఆయన మనసు మార్చుకునేలోపే పంపే మీట నొక్కేశాడు.